స్వచ్ఛ ఇంధనం: నిపుణులెవరు? కూలీలెవరు?

(మహిళా కార్యకర్తల శిక్షణ తరగతుల్లో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దుటి నుంచి మనం గృహహింస కేసుల గురించీ, భరణం గురించీ, ఉపాధి హామీ కూలి బకాయిల గురించీ మాట్లాడుకున్నాం. ఇప్పుడు ఉన్నట్టుండి సోలార్ కరెంటు, గాలిమరలు, పర్యావరణ ఉద్యోగాలు అంటుంటే ఇది మన పనేనా అని కొందరికి అనిపించవచ్చు. అవి ఇంజనీర్లు చూసుకునే విషయాలు కదా, మనకేం తెలుసు అనీ అనిపించవచ్చు. ఆ అనుమానంతోనే మొదలుపెడదాం. ఇంజనీర్లు చూసుకునే విషయం అని ఎవరన్నారు? ఆ ఇంజనీర్లలో ఆడవాళ్ళెంతమంది? ఇంజనీరు కాకుండా అక్కడ పనిచేసే స్త్రీలను ఏమని పిలుస్తున్నారు?

పర్యావరణాన్ని కాపాడటం ఇవాళ ఒక ఉద్యోగం. ఒకటి కాదు, చాలా ఉద్యోగాలు. సౌర విద్యుత్ కేంద్రాన్ని డిజైన్ చేసే ఇంజనీరు ఉన్నారు. గాలిమర ఎక్కి మరమ్మతు చేసే టెక్నీషియన్ ఉన్నారు. సిమెంటు ఫ్యాక్టరీలో కరెంటు ఎక్కడ వృథా అవుతోందో లెక్కతీసే ఎనర్జీ ఆడిటర్, మందుల ఫ్యాక్టరీలో మురుగునీటి శుద్ధి కేంద్రం చూసే కెమిస్టు, బట్టల మిల్లులో రంగునీళ్ళ లెక్క రాసే అధికారి ఉన్నారు. పెద్ద కంపెనీల్లో సుస్థిరత పేరుతో ప్రత్యేక విభాగాలే వచ్చాయి. 2021లో గ్లాస్గో వాతావరణ సదస్సులో మన ప్రభుత్వం 2030 నాటికి 500 గిగావాట్ల శిలాజేతర విద్యుత్ సామర్థ్యం సాధిస్తామని ప్రకటించింది. అంత విద్యుత్తు కాగితం మీద తయారు కాదు. దాని వెనక మనుషుల చేతులు కావాలి.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. కొత్త పరిశ్రమ పుట్టినప్పుడు అందులో ఏ పనిని నైపుణ్యం అనాలో, ఏ పనిని కూలి అనాలో, ఏ పనిని సేవ అనాలో మొదట్లోనే తేలిపోతుంది. ఆ పేర్లను బట్టే జీతం వస్తుంది. సెలవు వస్తుంది. ప్రమాదం జరిగితే నష్టపరిహారం వస్తుంది, లేదా రాదు. ఒకసారి పేర్లు గట్టిపడ్డాక వాటిని మార్చడానికి తరాలు పడుతుంది. స్వచ్ఛ ఇంధన రంగంలో ఆ పేర్లు పెట్టే కాలం ఇప్పుడు నడుస్తోంది. మనం అక్కడ లేకపోతే మన పేరు వేరేవాళ్ళు రాస్తారు.

బొగ్గు నేర్పిన పాఠం

ఇలా ఇంతకు ముందు జరగలేదా అంటే జరిగింది. బొగ్గునే తీసుకోండి. 1920ల మొదట్లో మన దేశపు బొగ్గు గనుల్లో పనిచేసేవారిలో మూడింట ఒక వంతుకు పైగా స్త్రీలే. ఝరియా, రాణిగంజ్ గనుల్లో మొగుడు బొగ్గు తవ్వితే పెళ్ళాం తట్టకెత్తి మోసేది. ఆ పని నరకమే, అందులో సందేహం లేదు. చీకటి, ధూళి, పైకప్పు కూలే భయం, చంటిపిల్లలను గట్టున పడుకోబెట్టి దిగవలసిన గతి. 1929లో స్త్రీలను భూగర్భంలోకి దించరాదని నిబంధనలు వచ్చాయి. దశలవారీగా వాళ్ళను బయటికి పంపేశారు. ప్రపంచ యుద్ధంలో బొగ్గు అవసరం పెరిగేసరికి 1943లో అదే ప్రభుత్వం నిషేధం సడలించింది. 1946లో మళ్ళీ విధించింది.

ఇది గమనించండి. అవసరమైనప్పుడు రమ్మన్నారు, తీరాక పొమ్మన్నారు. రెండుసార్లూ వాళ్ళను అడిగినవారు లేరు. గని పైన అంతే కూలి వచ్చే పని చూపించి పంపలేదు. యంత్రాలు వచ్చాయి, యంత్రం పని మగవాళ్ళకు నేర్పారు. స్త్రీలను కాపాడుతున్నామన్న మాట వెనక వాళ్ళ బతుకుతెరువు పోయింది.

1952 గనుల చట్టంలో కూడా ఆ నిషేధం కొనసాగింది. 2019లో దాన్ని సడలించినప్పుడు భూగర్భంలో టెక్నికల్, సూపర్‌వైజరీ, మేనేజిరియల్ పనుల్లో స్త్రీలను పెట్టుకోవచ్చన్నారు. ఇంజనీరింగు చదివిన మన ఆడపిల్లలకు తలుపు తెరుచుకుంది, సంతోషమే. కానీ మొదట ఆ గనుల నుంచి వెళ్ళగొట్టింది తట్ట మోసిన స్త్రీలను. తొంభై ఏళ్ళ తర్వాత తిరిగి రమ్మన్నది డిగ్రీ ఉన్న స్త్రీలను. 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన కొత్త లేబర్ కోడ్ అన్ని రకాల పనుల్లోనూ స్త్రీలు ఉండవచ్చనీ, రాత్రి పనికి మాత్రం వారి అంగీకారం కావాలనీ చెబుతోంది. కాగితం మీద తలుపులన్నీ తెరిచి ఉన్నాయి. లోపలికి ఎవరు వెళ్ళగలుగుతున్నారన్నదే ప్రశ్న.

ఇప్పుడు బొగ్గు నుంచి సూర్యుడి వైపు మళ్ళుతున్నాం. సింగరేణి కూడా సోలార్ ప్లాంట్లు కట్టుకుంది. ఈ మలుపులో ఎవరిని రమ్మంటారు, ఎవరిని పొమ్మంటారు అని అడిగే హక్కు మనకుంది.

సూర్యుడి లెక్క రాసిన స్త్రీ

ఈ విజ్ఞానం మగవాళ్ళది, మనం కొత్తగా అడుగుపెడుతున్నాం అనుకోనక్కరలేదు. మన దేశంలో ఏ ప్రాంతంలో ఏ నెలలో ఎంత ఎండ పడుతుందో పద్ధతిగా కొలిచిన వారిలో ముందు చెప్పవలసిన పేరు అన్నా మణి. 1918లో కేరళలోని పీర్‌మేడులో పుట్టారు. బెంగుళూరులో సి.వి. రామన్ దగ్గర వజ్రాల మీద, కెంపుల మీద పరిశోధన చేశారు. సిద్ధాంత వ్యాసం సమర్పించారు. కానీ ఎమ్మెస్సీ డిగ్రీ లేదని మద్రాసు విశ్వవిద్యాలయం పిహెచ్.డి. ఇవ్వలేదు.

ఆమె లండన్ వెళ్ళి వాతావరణ పరికరాల విద్య నేర్చుకుని 1948లో తిరిగి వచ్చి వాతావరణ శాఖలో చేరారు. అప్పటిదాకా విదేశాల నుంచి తెప్పించుకుంటున్న పరికరాలను ఇక్కడే తయారు చేయించారు. 1957–58 అంతర్జాతీయ భూభౌతిక సంవత్సరంలో దేశమంతా సౌర వికిరణాన్ని కొలిచే కేంద్రాల ఏర్పాటుకు పూనుకున్నారు. 1976లో వాతావరణ శాఖ డిప్యూటీ డైరెక్టర్ జనరల్‌గా రిటైరయ్యాక కూడా పని మానలేదు. 1980లో భారతదేశపు సౌర వికిరణ సమాచారాన్ని పెద్ద గ్రంథంగా అచ్చు వేశారు. గాలివేగాల మీద కూడా అటువంటి కృషే చేశారు. 2001లో చనిపోయారు.

సోలార్ పలక ఎక్కడ పెడితే ఎంత కరెంటు వస్తుంది, గాలిమర ఎక్కడ నిలబెడితే తిరుగుతుంది అన్న లెక్కలకు పునాది వేసినవారిలో ఆమె ఒకరు. డాక్టరేటు లేకపోయినంత మాత్రాన ఆమె కొలిచిన ఎండ తగ్గలేదు. డిగ్రీ కాగితం వేరు, పని తెలియడం వేరు. ఈ మాట గుర్తుంచుకోండి, ముందు ముందు అవసరమవుతుంది.

ఆఫీసు, ఇంటికప్పు, నేల

ఇప్పటి పరిస్థితి చూద్దాం. అంతర్జాతీయ పునరుత్పాదక ఇంధన సంస్థ ఐరెనా 2019లో ఇచ్చిన నివేదిక ప్రకారం ప్రపంచంలో ఈ రంగంలో పనిచేసేవారిలో 32 శాతం స్త్రీలు. చమురు, గ్యాసు రంగంలో 22 శాతమే కాబట్టి ఇది మెరుగే. అయితే ఆ 32 శాతాన్ని విడదీసి చూడాలి. ఆఫీసు పరిపాలన పనుల్లో స్త్రీలు 45 శాతం. సైన్సు, ఇంజనీరింగు పనుల్లో 28 శాతం. 2022లో ఒక్క సోలార్ గురించే వచ్చిన నివేదికలో స్త్రీలు 40 శాతమని తేలింది, కానీ పైస్థాయి నిర్ణయాలు చేసే పదవుల్లో 17 శాతమే. మన దేశంలో ఇళ్ళ కప్పుల మీద సోలార్ అమర్చే రంగంలో స్త్రీలు 11 శాతం దగ్గరే ఉన్నారని 2019లో జరిగిన అధ్యయనం చెప్పింది. అందులోనూ ఎక్కువమంది ఆఫీసుల్లో. కప్పు ఎక్కి అమర్చే పనిలో, తర్వాత చూసుకునే పనిలో మరీ తక్కువ.

ఎందుకిలా? ఆడవాళ్ళకు ఎత్తులంటే భయం అంటారు. మిద్దెల మీద ఇటుకలూ ఇసుకా మోసేది ఎవరమ్మా? మేస్త్రీ వెనక వెదురు నిచ్చెన మీద నెత్తిన బొచ్చెతో ఎక్కేది ఎవరు? భయం ఎత్తు గురించి కాదు. అదే ఎత్తులో మోత పనికి ఒక కూలి, బిగింపు పనికి మరో కూలి. బిగించడం నేర్పితే రెండో కూలి ఇవ్వాలి.

నేర్పడం ఎక్కడ ఆగిపోతోందో చూడండి. 2015లో కేంద్ర ప్రభుత్వం సూర్యమిత్ర అనే శిక్షణ పెట్టింది. 600 గంటలు, దాదాపు మూడు నెలలు, అక్కడే ఉండి నేర్చుకోవాలి. మంచి కార్యక్రమమే. కానీ చేరాలంటే పదో తరగతితో పాటు ఐటిఐలో ఎలక్ట్రీషియన్, ఫిట్టర్ వంటి ట్రేడు చదివి ఉండాలి. మన ఊళ్ళల్లో ఎలక్ట్రీషియన్ ట్రేడులో ఆడపిల్లను చేర్చే తల్లిదండ్రులు ఎంతమంది? ఆడపిల్ల అనగానే కుట్టుపని, లేదంటే కంప్యూటర్. ఇక పెళ్ళయి చంటిబిడ్డ ఉన్నామె మూడు నెలలు హాస్టల్లో ఎలా ఉంటుంది? నోటిఫికేషన్‌లో ఎక్కడా స్త్రీలు వద్దని రాయరు. రాయనక్కరలేదు. నిబంధనే ఆ పని చేస్తుంది.

ఇంజనీరింగు పూర్తిచేసి ఉద్యోగంలో చేరిన అమ్మాయిలకూ వేరే తిప్పలు. సైట్ ఊరికి దూరం, మరుగుదొడ్డి లేదు, బస లేదు, కాబట్టి నిన్ను పంపం అంటారు. రెండేళ్ళయ్యాక ప్రమోషన్ అడిగితే నీకు సైట్ అనుభవం లేదు అంటారు. ఈ మాట వేర్వేరు కంపెనీల్లో పనిచేసే ముగ్గురు అమ్మాయిలు నాకు దాదాపు ఒకే రకంగా చెప్పారు. సైట్‌లో మరుగుదొడ్డి కట్టడం కంపెనీ బాధ్యత. ఆ బాధ్యత చేయనందుకు జరిమానా కట్టేది మాత్రం ఉద్యోగిని.

లైంగిక వేధింపుల విషయం కూడా ఇక్కడే చెప్పాలి. 1997 విశాఖ తీర్పు, 2013 చట్టం మనందరికీ తెలిసినవే. పదిమంది, అంతకంటే ఎక్కువమంది పనిచేసే చోట అంతర్గత కమిటీ ఉండాలి. అంతకంటే తక్కువైతే జిల్లా స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయాలి. సోలార్ రంగంలో ఆరుగురు, ఏడుగురితో పనిచేసే చిన్న కాంట్రాక్టర్లు చాలామంది. కాబట్టి మన జిల్లాలో స్థానిక కమిటీ ఉందా, దాని అధ్యక్షురాలు ఎవరు, ఆఫీసు ఎక్కడ అన్నది మనకు తెలిసి ఉండాలి. మనకే తెలియకపోతే ఊరవతల పలకల మధ్య పనిచేసే అమ్మాయికి ఎలా తెలుస్తుంది?

వంటింట్లో ఇంధనం

అందరికంటే ముందు నుంచీ ఇంధనం పని చేస్తున్నది ఎవరు? కట్టెలు ఏరేది, పిడకలు చేసేది, పొయ్యి ఊదేది ఎవరు? ఇళ్ళల్లో పొగ వల్ల 2020లో ప్రపంచంలో 32 లక్షలమంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఇంధన నిపుణుల పట్టికలో ఆ స్త్రీలు లేరు. మృతుల పట్టికలో ఉన్నారు.

1980ల మధ్య నుంచి 2002 దాకా దేశమంతటా మెరుగైన పొయ్యిల జాతీయ కార్యక్రమం నడిచింది. మనవైపు పొగలేని పొయ్యి అనేవాళ్ళం. కోట్ల పొయ్యిలు కట్టారు. చాలా ఇళ్ళల్లో అవి ఎక్కువకాలం నిలవలేదు. లక్ష్యాలు పూర్తిచేయాలన్న తొందరలో కట్టారు. పొగగొట్టం మూసుకుపోతే శుభ్రం చేయడం ఎవరూ నేర్పలేదు. గిన్నె సైజుకీ పొయ్యి నోటికీ పొంతన లేదు. వంట చేసే మనిషిని ముందే కూర్చోబెట్టి అడిగి ఉంటే ఈ సంగతులన్నీ అరగంటలో చెప్పి ఉండేది. ఆమెను లబ్ధిదారు అన్నారు కానీ, పొయ్యి తెలిసిన మనిషి అనలేదు.

తర్వాత గ్యాసు వచ్చింది. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దీపం పథకం, 2016లో కేంద్రం ఉజ్వల. ఉజ్వలలో కనెక్షన్ స్త్రీ పేరునే ఇస్తారు. వీటి వల్ల మేలు జరిగింది, కాదనలేం. కానీ కనెక్షన్ ఆమె పేరున ఉన్నా, రెండో సిలిండరు కొనే డబ్బు ఎవరి జేబులో ఉంటుంది? డబ్బులు చాలనప్పుడు ఇంట్లో ముందు తగ్గేది సిలిండరే. మళ్ళీ కట్టెలే. ఏరడానికి ఆమె ఎలాగూ ఉంది, ఆమె టైముకు ఖరీదు లేదు కదా! స్వచ్ఛ ఇంధనం గురించి ఏ లెక్క వేసినా, స్త్రీ పొద్దును సున్నాగా వేసినంత కాలం ఆ లెక్క తప్పుతూనే ఉంటుంది.

భూమి కౌలు, బహిరంగ విచారణ

ఇక నేల సంగతి. సౌర విద్యుత్తుకు ఎండ ఒక్కటే చాలదు, భూమి కావాలి. చాలా భూమి కావాలి. పాత కర్నూలు జిల్లాలోని గని, శకునాల గ్రామాల దగ్గర 1,000 మెగావాట్ల సోలార్ పార్కు 2017లో పూర్తయింది. దాదాపు 5,900 ఎకరాలు. మన అనంతపురం సరిహద్దున, తెలుగు కూడా మాట్లాడే కర్ణాటకలోని పావగడ తాలూకాలో 2,050 మెగావాట్ల పార్కుకు దాదాపు 13,000 ఎకరాలు పట్టింది. పావగడలో భూమిని కొనకుండా రైతుల దగ్గర కౌలుకు తీసుకున్నారు. ఎకరానికి ఏడాదికి 21,000 రూపాయలు, రెండేళ్ళకోసారి 5 శాతం పెంపు. వానలు లేక అప్పుల్లో కూరుకున్న రైతుకు అది ఊరట. భూమి హక్కు కూడా ఆయనకే ఉంటుంది. ఈ పద్ధతి భూసేకరణ కంటే మెరుగని నేనూ ఒప్పుకుంటాను.

అయితే కౌలు డబ్బు పట్టాదారుకు వస్తుంది. 2015–16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలో సాగు కమతాల్లో స్త్రీల పేరున ఉన్నవి దాదాపు 14 శాతమే. ఆడపిల్లకు పూర్వీకుల ఆస్తిలో సమాన హక్కు ఇస్తూ దేశంలో ముందు చట్టం చేసిన రాష్ట్రాల్లో మనది ఒకటి. 1986లోనే చేశాం. 2005లో దేశమంతటికీ వచ్చింది. చట్టం వచ్చింది కానీ పట్టా పుస్తకంలో పేరు రాలేదు. నిన్నటిదాకా ఆ చేలో కలుపు తీసిన భార్యకు, ఇవాళ కౌలు డబ్బులో చెప్పుకోవడానికి వాటా లేదు. అసలు భూమి లేని కూలి స్త్రీకి కలుపు పనీ పోయింది. మేకలు కాచుకునే ముసలామెకు మేత పోయింది. వీళ్ళెవరితోనూ ఒప్పందం జరగలేదు, ఎందుకంటే వాళ్ళు పోగొట్టుకున్నది ఏ రికార్డులోనూ లేదు.

అప్పుడు స్థానికులకు ఉద్యోగాలు ఇస్తామంటారు. ఏ ఉద్యోగాలు? మగవాళ్ళకు కాపలా, ఆడవాళ్ళకు పలకలు కడగడం, వాటి కింద మొలిచే గడ్డి కోయడం. అదీ కాంట్రాక్టరు కింద. కొన్నిచోట్ల పలకలు తుడవడానికి యంత్రాలు వచ్చేశాయి. బొగ్గు గనుల సంగతి ఇప్పుడే చెప్పుకున్నాం. పలక తుడిచే స్త్రీకి ఆ యంత్రం నడపడం, పలక పాడైతే గుర్తించడం నేర్పితే ఆమె టెక్నీషియన్ అవుతుంది. నేర్పకపోతే ఇంటికి పోతుంది.

ఇంకో సంగతి. ఒక థర్మల్ కేంద్రం కట్టాలంటే 2006 పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ప్రకారం అనుమతులు, బహిరంగ విచారణ ఉంటాయి. ఫలకాలతో కరెంటు తీసే సోలార్ ప్రాజెక్టులు దాని పరిధిలో లేవు. పొగ రాదు కాబట్టి మినహాయించారు. పొగ రాదు నిజమే. కానీ వేల ఎకరాల మీద బతికే మనుషులు లేచి మైకు ముందు మాట్లాడే ఒక్క సందర్భం కూడా దాంతో పోయింది. మన సంఘాల స్త్రీలు బహిరంగ విచారణల్లో నిలబడి అధికారులను నిలదీయడం నేర్చుకున్నారు. ఆ వేదికే లేకపోతే గ్రామసభను వేదిక చేసుకోవాలి.

చదువు లేని ఇంజనీర్లు

ఇదంతా విని నిరాశ పడవద్దు. దారి వేసినవాళ్ళున్నారు. రాజస్థాన్‌లోని తిలోనియాలో 1972లో మొదలైన బేర్‌ఫుట్ కాలేజీ, చదువురాని గ్రామీణ స్త్రీలకు సోలార్ దీపాలు బిగించడం, బాగుచేయడం నేర్పుతోంది. ఆఫ్రికా, ఆసియా, లాటిన్ అమెరికా దేశాల నుంచి కూడా స్త్రీలు, చాలామంది అమ్మమ్మలు, నాయనమ్మలు, అక్కడికి వచ్చి ఆరు నెలలుండి నేర్చుకుని వెళ్ళారు. ఒకరి భాష ఒకరికి రాదు. రంగులతో, సైగలతో, చేతితో చేసి చూపించి నేర్పుతారు. ఐటిఐ సర్టిఫికెట్ లేకుండా ఈ పని రాదన్న మాట అక్కడ తేలిపోయింది.

అదే రాష్ట్రంలోని డుంగర్‌పూర్‌లో ఆదివాసీ స్త్రీలు ఇంకో అడుగు వేశారు. బొంబాయి ఐఐటి సాయంతో సోలార్ దీపాలు, పలకలు తయారుచేసే కంపెనీ పెట్టుకుని తామే వాటాదారులయ్యారు. గుజరాత్‌లోని కచ్ చిన్న రణ్‌లో ఉప్పు పండించే కుటుంబాలకు ఉప్పునీరు తోడే డీజిల్‌కే సంపాదనలో పెద్ద భాగం పోయేది. 1972లో ఇలా భట్ పెట్టిన సేవా సంఘం ఆ స్త్రీలకు సోలార్ పంపులు అందించింది. డీజిల్ ఖర్చు తగ్గింది. పర్యావరణం బాగుపడటం, కూలి బాగుపడటం ఒకే పంపుతో జరిగాయి. అలా జరగాలంటే వెనక సంఘం ఉండాలి.

చెత్త ఏరే స్త్రీల సంగతి మరీ ముఖ్యం. నగరాల్లో కాగితం, ప్లాస్టిక్, ఇనుము వేరుచేసి తిరిగి ఫ్యాక్టరీకి చేర్చేది వాళ్ళే. పర్యావరణ నిపుణులు అంటే వాళ్ళే. కానీ జనం దొంగల్లా చూశారు. పూణేలో 1993లో వాళ్ళు యూనియన్ పెట్టుకున్నారు. 2008లో స్వచ్ఛ్ సహకార సంఘం ద్వారా మునిసిపాలిటీతో ఒప్పందం చేసుకుని ఇంటింటి చెత్త సేకరణ పని తీసుకున్నారు. గుర్తింపు కార్డు వచ్చింది. 2016 ఘన వ్యర్థాల నిబంధనల్లో చెత్త ఏరేవాళ్ళను గుర్తించి వ్యవస్థలో చేర్చుకోవాలన్న మాట వచ్చిందంటే అటువంటి పోరాటాలే కారణం. రేపు పాత సోలార్ పలకలు కూడా చెత్తలోకి వస్తాయి. 2022 ఎలక్ట్రానిక్ వ్యర్థాల నిబంధనల్లో వాటినీ చేర్చారు. ఆ పలకలు విప్పేది ఎవరు? చేతికి తొడుగు లేకుండా గాజు పగలగొట్టే స్త్రీలా, శిక్షణ పొందిన కార్మికులా? ఇప్పుడే అడగాలి.

మన తెలుగు నేల మీద కూడా ఉదాహరణలు తక్కువేం కాదు. జహీరాబాద్ ప్రాంతంలో దళిత స్త్రీల సంఘాలు విత్తనాలు దాచి, చిరుధాన్యాలు పండించి భూములు నిలుపుకున్నాయి. ఆ పని చేసిన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి 2019లో ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2016 నుంచి నడుస్తున్న ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం మహిళా సంఘాల భుజాల మీదే నడుస్తోంది. దానికి 2024లో గుల్బెంకియన్ బహుమతి వచ్చింది. ఊరూరా తిరిగి కషాయాలు, జీవామృతం నేర్పే సంఘం అక్కలు వ్యవసాయ శాస్త్రం బోధిస్తున్నట్టే.

కానీ వాళ్ళలాంటి వాళ్ళకు ఇచ్చేదాన్ని మనం ఏమంటాం? గౌరవ వేతనం. అంగన్‌వాడీకీ, ఆశాకూ కూడా అదే మాట. ఆ మాట ఎంత తెలివైనదో చూడండి. వేతనం అంటే హక్కు, అడగవచ్చు. గౌరవం అంటే దయ, అడగకూడదు. రెండూ కలిపితే, గౌరవిస్తున్నాం కదా, ఇక వేతనం గురించి మాట్లాడకండి అని అర్థం. మన స్త్రీలకు గౌరవం కావాలి. దాన్ని వేతనంలో కోతకోసి ఇవ్వనక్కరలేదు.

మనం అడగవలసినవి

మాటలతో ఆపకుండా రేపటి నుంచి ఏం చేయగలమో నాలుగు మాటలు చెప్పి ముగిస్తాను.

ఒకటి. మీ జిల్లాలో సోలార్, గాలి, వ్యర్థాల, నీటి శుద్ధి రంగాల్లో ఎవరెవరు పనిచేస్తున్నారో లెక్క తీయండి. స్త్రీలెంతమంది, ఏ పనిలో, ఎవరి కింద, ఎంత కూలికి. పలకలు కడిగేవాళ్ళనూ, గడ్డి కోసేవాళ్ళనూ, చెత్త ఏరేవాళ్ళనూ, ప్రకృతి వ్యవసాయం నేర్పే అక్కలనూ ఆ లెక్కలో చేర్చండి. ముందు మన కాగితంలో వాళ్ళు నిపుణులుగా ఉంటేనే ప్రభుత్వ కాగితంలోకి ఎక్కుతారు.

రెండు. కంపెనీలు తామే రాసుకునే లెక్కలు చదవండి. స్టాక్ మార్కెట్‌లో ఉన్న పెద్ద కంపెనీలు వెయ్యి, 2022–23 నుంచి ఏటా సుస్థిరత నివేదిక ఇవ్వాలని సెబీ నిబంధన. అందులో ఎంత కరెంటు వాడారు, ఎంత నీరు వాడారు అన్నదొక్కటే ఉండదు. స్త్రీలెంతమంది, పర్మనెంటు ఎంతమంది, కానివారెంతమంది, స్త్రీ పురుషుల మధ్యస్థ జీతం ఎంత, ప్రసూతి సెలవు తర్వాత తిరిగి వచ్చినవారెంతమంది, లైంగిక వేధింపుల ఫిర్యాదులెన్ని అన్నవీ రాయాలి. ఇవి బహిరంగ పత్రాలు. మీ ఊరి పక్కనున్న ప్లాంటు కంపెనీది తెరిచి చూడండి. వేధింపుల ఫిర్యాదుల దగ్గర సున్నా కనిపిస్తే సంబరపడకండి. అక్కడ కమిటీ ఉందో లేదో అడగండి.

మూడు. కాంట్రాక్టరు కూలి ఎగ్గొడితే అసలు యజమాని ఇవ్వాలన్న సూత్రం 1970 కాంట్రాక్టు కార్మికుల చట్టంలో ఉండేది. 2025లో అమల్లోకి వచ్చిన కొత్త కోడ్‌లలో కూడా ఉంది. కాబట్టి సోలార్ పార్కులో కూలి బకాయి పడితే కాంట్రాక్టరు చుట్టూ తిరగకుండా కంపెనీ గేటు దగ్గరికి వెళ్ళండి. లేబర్ ఆఫీసులో కంపెనీ పేరు రాసి ఫిర్యాదు ఇవ్వండి. భూమి కౌలు ఒప్పందం వస్తుంటే భార్యాభర్తల ఇద్దరి పేరా రాయించండి. భూమి లేనివాళ్ళకు ఏమిస్తారో గ్రామసభ తీర్మానంలో పెట్టించండి.

నాలుగు. శిక్షణల తీరు మార్చమని అడగండి. ఐటిఐ చదవని స్త్రీలకు మండలంలోనే, పగటిపూట, పిల్లలను చూసుకునే ఏర్పాటుతో శిక్షణ పెట్టమని అడగండి. నేర్చుకున్నాక సర్టిఫికెట్ ఇవ్వాలి, సర్టిఫికెట్ ఉన్నవారికి ఇచ్చే కూలే ఇవ్వాలి. ఎలక్ట్రీషియన్ ట్రేడులో ఆడపిల్లలను చేర్చే పని మాత్రం ప్రభుత్వం చేయదు. అది మన ఇళ్ళల్లో మనమే చేయాలి.

చివరిగా ఒక మాట. సంఘాల్లో కొందరు, ముందు పర్యావరణం నిలబడనీ, తర్వాత హక్కుల సంగతి చూద్దాం అంటున్నారు. స్వాతంత్ర్యం ముందు, స్త్రీల సంగతి తర్వాత అని ఒకప్పుడు విన్నాం. పోరాటం ముందు, స్త్రీల సంగతి తర్వాత అని మరోసారి విన్నాం. ఆ తర్వాత ఎప్పుడొచ్చిందో మీకు తెలుసు. బొగ్గు నల్లగా ఉన్నప్పుడు తట్ట మన నెత్తిన పెట్టారు. కరెంటు పచ్చనయ్యాక చీపురు మన చేతికిస్తే దాన్ని మార్పు అని ఒప్పుకోనక్కరలేదు.

ఇక మీ జిల్లాల అనుభవాలు చెప్పండి. ఈ చర్చకు అసలు బలం అక్కడి నుంచే రావాలి.